టీ గిన్నెకు కుదురు కుదిరిన కథ

వేళ్లు చురుక్కుమన్నాయి. గిన్నె అంచు పట్టుకుని ఎత్తబోయాను, అంతే. పక్క బల్ల దగ్గరి పెద్దాయన నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు. తన గిన్నెను సాసరుతో సహా ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేత్తో మూతను కాస్త ఓరగా జరిపి, ఆ సందులోంచి ఒక గుక్క జుర్రి చూపించాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. పాఠం మాత్రం ఒంటబట్టింది: పట్టుకోవాల్సింది గిన్నెను కాదు, దాని కింద ఉన్నదాన్ని.

చైనాలోని సిచువాన్‌లో, చెంగ్దూ శివార్లలో పెంగ్‌జెన్ అని ఒక పాత ఊరు. ఒకప్పుడు గుడిగా ఉన్న కట్టడంలో అక్కడో టీ ఇల్లు నడుస్తోంది. మట్టి నేల. ఏళ్ల తరబడి జనం తొక్కి తొక్కి బొడిపెలు తేలి, నల్లగా నిగనిగలాడుతోంది. వెదురు కుర్చీలు, బొగ్గు పొయ్యి, మసిపట్టిన కెటిళ్లు. ఊరి ముసలివాళ్లు తెల్లారకముందే వచ్చి కూర్చుంటారు. వాళ్లకు ఒక ధర, మెడలో కెమెరా వేసుకుని దిగే నాలాంటివాళ్లకు ఇంకో ధర. నాకది న్యాయంగానే తోచింది. వాళ్లది అలవాటు, మనది సరదా.

ఇక్కడ టీ మూడు ముక్కల సరంజామాలో వస్తుంది: మూత, పిడి లేని గిన్నె, సాసరు. మొత్తాన్ని గైవాన్ అంటారు. మూత ఆకాశం, సాసరు భూమి, మధ్యలో గిన్నె మనిషి అని పెద్దలు వ్యాఖ్యానం చెబుతారు. సిచువాన్ వాళ్లు సాసరును చా చువాన్, అంటే టీ పడవ అంటారు. నాకు ఆ వేదాంతం కన్నా పడవే నచ్చింది. గిన్నె తీసి చూస్తే సాసరు నడిమధ్య గుండ్రటి గుంట. గిన్నె అడుగు అందులో కొలిచినట్టు కూర్చుంటుంది. కొంచెం వంచి చూశాను, కదలలేదు.

ఆ గుంటకొక కథ ఉంది. తాంగ్ వంశపు కాలంలో, 780-783 సంవత్సరాల మధ్య జరిగిందని చెబుతారు. సిచువాన్‌ను ఏలిన సేనాని ట్సుయ్ నింగ్‌కు ఒక కూతురు. టీ గిన్నె పట్టుకుంటే ఆ పిల్లకు వేళ్లు కాలేవి. గిన్నెను ఒక పళ్లెంలో పెట్టుకుంది. కాలడం తప్పింది గానీ, తాగబోయేసరికి గిన్నె పళ్లెంలో జారి ఒరిగిపోయేది. అప్పుడామె మైనం కరిగించి, పళ్లెం నడుమ గిన్నె అడుగంత చుట్టు పోసింది. గిన్నె కుదురుకుంది. మన ఇళ్లలో గుండ్రటి అడుగున్న కుండ దొర్లకుండా గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్టకుదురు చేసి పెడతామే, సరిగ్గా అదే. కుండ పెద్దది గనక గడ్డి, గిన్నె చిన్నది గనక మైనం.

వేడికి మైనం ఎన్నాళ్లు నిలుస్తుంది? పనివాణ్ణి పిలిపించి, మైనం బదులు చెట్టు జిగురు పూతతో గట్టి చుట్టు చేయించింది. తండ్రికి చూపిస్తే మురిసిపోయాడు. దానికి పేరు పెట్టి, ఇంటికొచ్చిన అతిథులకల్లా చూపించాడు. చూసినవాళ్లంతా చేయించుకున్నారు. తర్వాతి శతాబ్దంలో లీ క్వాంగ్‌యీ అనే రచయిత ఇదంతా గ్రంథస్థం చేశాడు. ఆయన తండ్రి పేరు రాశాడు. కాలిన వేళ్లు ఎవరివో ఆ అమ్మాయి పేరు మాత్రం రాయలేదు.

తవ్వకాలవాళ్లు ఈ కథను పూర్తిగా ఒప్పుకోరు. తాంగ్ కాలానికి ముందటి సమాధుల్లోనే, పళ్లెంతో జతగా చేసిన ఆకుపచ్చ పింగాణీ గిన్నెలు దొరికాయి. 1957లో షీఆన్‌లో బంగారుపూత వెండి సాసర్లు ఏడు బయటపడ్డాయి. ఒకదాని మీద అది టీ సాసరేనని, 860 నాటిదని చెక్కి ఉంది. కాబట్టి ప్రపంచంలో మొదటి సాసరు ఆ పిల్లదే అని నేను వాదించను. కానీ మైనం ముక్కను మాత్రం నమ్ముతాను. గొప్పకోసం కథ అల్లేవాడికి బంగారం తడుతుంది, జేడ్ రాయి తడుతుంది. మైనం తట్టదు. అది చెయ్యి కాలినవాళ్లకు, ఎదుట ఏది కనిపిస్తే దాంతో పని కానిచ్చేవాళ్లకు తట్టే వస్తువు.

మూత తర్వాత చేరింది. తాంగ్ రోజుల్లో టీ అచ్చులను పొడిచేసి, ఉప్పేసి కాచేవారు. తేలే ఆకులు లేవు గనక మూతతో పనిలేదు. 1391లో మింగ్ చక్రవర్తి జూ యువాన్‌జాంగ్ అచ్చు టీ కప్పం మాన్పించి, విడి ఆకే పంపమన్నాడు. విడి ఆకు వాడుక పెరిగాక, తేలే ఆకును పక్కకు నెట్టడానికి మూత పనికొచ్చింది.

విచిత్రమేమిటంటే, ఆ చుట్టును భూగోళం అవతలి వైపు మళ్లీ మొదటినుంచి కనిపెట్టారు. 1639 నుంచి 1648 దాకా స్పెయిన్ రాజు తరఫున పెరూను ఏలిన మాన్సెరా ప్రభువు విందులో, ఒకామె చాక్లెట్ పానీయాన్ని బట్టల మీద ఒలకబోసుకుందట. ఆయన లీమా కంసాలిని పిలిచి, నడుమ కప్పు పట్టే చుట్టున్న పళ్లెం చేయమన్నాడు. దాని పేరు మాన్సెరీనా. ఇక్కడా ఒలికింది ఒకరి బట్టల మీద, పేరు మాత్రం దొరగారిది!

పిడి లేని చైనా గిన్నెలూ సాసర్లూ ఓడలెక్కి యూరప్ చేరాక, అక్కడి జనం వేడి టీని సాసరులోకి ఒంపుకుని తాగడం మొదలుపెట్టారు. గిన్నెకు పిడి వచ్చింది, సాసరుకు అసలు పని పోయింది. అయినా అది కప్పును వదల్లేదు.

తిరిగొచ్చాక ఒక సాయంత్రం హైదరాబాద్‌లో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ వన్ బై టూ. కప్పు స్నేహితుడికిచ్చి సాసరు నేను తీసుకున్నాను. వాడు నా వాటా ఒంపుతుంటే చూశాను. చాయ్ ముందుగా నడిమధ్య గుంటలోకి దిగి, అది నిండాకే గోధుమరంగు వలయంలా అంచులకు పాకింది. "ఏంట్రా అట్లా చూస్తున్నావ్, తాగు, చల్లారిపోద్ది" అన్నాడు వాడు.