ఎలక్ట్రీషియన్ బంతికి సూపర్‌స్టార్ ఔట్.. బేస్‌బాల్‌లో మర్చిపోలేని సీన్!

రోజూ కరెంటు పని, అది అయ్యాక బేస్‌బాల్. చెక్ రిపబ్లిక్ పిచర్ ఒండ్రే సటోరియా జీవితం ఇదే. 2023 మార్చి 11న టోక్యో డోమ్‌లో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ మ్యాచ్. అతని ఎదుట నిలిచింది ఎవరో కాదు, జపాన్ స్టార్ షోహెయ్ ఒటాని! సటోరియా బంతుల్లో పెద్దగా స్పీడ్ ఉండదు. కానీ మన క్రికెట్‌లో స్లో బాల్ లాంటి 'ఛేంజప్'తో ఒటానిని బోల్తా కొట్టించాడు. మూడు స్ట్రైక్‌లు.. ఔట్!

ఆ జట్టులో చాలామంది ఇలా ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లే. హెడ్ కోచ్ అయితే నరాల డాక్టర్. మ్యాచ్‌ను జపాన్ 10-2తో గెలిచింది, చివరికి కప్పూ వాళ్లదే. అయితే సెమీస్ కోసం మియామీలో దిగినప్పుడు ఒటాని తలపై ఉన్నది మాత్రం చెక్ జట్టు టోపీ!