దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు: చట్టం పోయినా పోని గీత

మన భైంసా వాళ్ళకు పరదేశం కొత్త గాదు. జిన్నింగు మిల్లుల ఊరు మనది. పత్తి సీజను అయిపోతే పని దొరకని పిల్లలు బొంబాయి పోయారు, ఆ తరువాత దుబాయి, సౌదీ పోయారు. ఏజెంటు చేతిలో పైసలు పెట్టి, చదవరాని అగ్రిమెంటు మీద సంతకం చేసి పోవడం ఎట్లుంటుందో ప్రతి గల్లీలో ఒక ఇంటికైనా తెలుసు. అందుకనే ఈ సంచికలో, నూట అరవై ఏళ్ళ కిందట అటువంటి అగ్రిమెంటు మీదనే ఓడెక్కి, చాలామంది తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయిన మనవాళ్ళ చరిత్ర కొంత సభ్యుల ముందు పెట్టదలచినాము.

1860 అక్టోబరులో మద్రాసు రేవునుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. డర్బన్ ఉన్న నేటాల్ అప్పుడు ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది. దొరలు చెరుకు తోటలు వేశారు గాని కోసే చేతులు దొరకలేదు. జులూలకు సొంత భూములు, పశువులు ఉండె. తోటల్లో దొరకు కూలి చేయడానికి వారు సుముఖంగా లేరు. అందుకని ఇక్కడినుంచి తోలుకపోయారు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటా ఒక్క షిల్లింగు పెంపు. 1911 వరకు ఈ విధంగా పోయినవారు 1,52,000 పైచిలుకు. అందులో మూడింట రెండువంతులు మద్రాసు రేవు దాటినవారే. అరవవారితోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువాళ్ళు, వారి నడుమ కొద్దిమంది ముస్లిములు. డర్బన్ బ్రూక్ స్ట్రీటు ఖబరస్తానులో దర్గా ఉన్న బాద్షా పీర్ కూడా ఆ మొదటి ఓడలోనే కూలీగా వచ్చారని అక్కడివారు చెప్పుకుంటారు. 1895లో వచ్చిన సూఫీ సాహెబుకైతే ముర్షిద్ మన హైదరాబాదువారే, ఖ్వాజా హబీబ్ అలీ షా. ఉమ్‌గేని నది ఒడ్డున రివర్‌సైడులో సూఫీ సాహెబ్ మసీదు, మదర్సా, అనాథ పిల్లలకు ఆశ్రమం కట్టించారు. ఈ రివర్‌సైడు పేరు గుర్తుంచుకోవాలి.

ముందుగా పెళ్ళి సంగతి. 1913 మార్చిలో కేప్ కోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు చెప్పారు. క్రైస్తవ పద్ధతిలో గాని, రిజిస్ట్రారు ముందు గాని జరగని పెళ్ళి అక్కడి చట్టం దృష్టిలో పెళ్ళి కాదు! కోర్టుకెక్కింది ఒక ముస్లిం స్త్రీ వ్యవహారం, దెబ్బ తగిలింది హిందువులకు, పార్సీలకు కూడా. నిన్నటిదాకా ఇల్లాలైన మనిషి తెల్లారేసరికి ఏమీ కానిదైపోయింది. ఆడవాళ్ళు సత్యాగ్రహంలోకి దిగి జైళ్ళకు పోవడానికి ఇదొక ముఖ్య కారణం. 1914లో వచ్చిన చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది గాని, నికాహ్ మాత్రమే అయి రిజిస్టరు కాని పెళ్ళికి పూర్తి గుర్తింపు రాలేదు. 1994లో అందరికీ ఓటు వచ్చింది, 1996లో రాజ్యాంగం వచ్చింది. ఆ రాజ్యాంగంలో గౌరవించవలసిన భాషల పట్టికలో తెలుగు, ఉర్దూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, చూస్తే మనకు సంతోషమే. కాని నికాహ్‌కు రక్షణ లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పేసరికి 2022 జూన్ అయింది. విడాకుల చట్టం సవరించింది 2024లో. ఈ మధ్య విడిచిపెట్టబడిన ఆడవాళ్ళు ఆస్తికోసం, మనోవర్తికోసం ఎన్ని కచ్చేరీల మెట్లెక్కి ఉంటారో ఆలోచించండి.

ఇక ఇళ్ళ సంగతి. 1950లో రెండు చట్టాలు చేశారు. ఒకటి ప్రతి మనిషికీ జాతి ఏదో రాసిపెట్టే చట్టం, రెండవది ఏ జాతి ఏ వాడలో ఉండాలో గీతగీసే గ్రూప్ ఏరియాస్ చట్టం. అంతకుముందే 1949 జనవరిలో డర్బన్‌లో, ఒక ఆఫ్రికన్ కుర్రవాణ్ణి ఒక భారతీయ దుకాణంవాడు కొట్టిన చిన్న గొడవ పెద్దదై 142 మంది చనిపోయారు. కలిసి ఉంటే కొట్లాటలే గదా, వేరు పెడితే నెమ్మది అని చెప్పడానికి ప్రభుత్వానికి అదొక సాకైంది. ఈ మాట మనం ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

కేటో మేనర్ అనే చోట ఒప్పందం తీరిన మనవాళ్ళు కూరగాయల తోటలు పెట్టి, ఇళ్ళు, గుళ్ళు కట్టుకున్నారు. పక్కనే ఆఫ్రికన్ల గుడిసెలు. 1958లో అదంతా తెల్లవారి ప్రాంతమన్నారు. భారతీయులను ఛాట్స్‌వర్తుకు, ఆఫ్రికన్లను క్వామాషు, ఉమ్లాజీలకు తరిమారు. విచిత్రమేమంటే, ఇళ్ళు కూల్చిన తరువాత ఆ నేల చాలాభాగం ఏళ్ళ తరబడి బీడుగానే పడి ఉంది, తెల్లవారు వచ్చి ఉన్నదీ లేదు! రివర్‌సైడుకూ అదే గతి పట్టింది. మసీదు, దర్గా ఉన్నచోటనే ఉన్నాయి, చుట్టూ ఉండేవారిని లేపి పంపేశారు.

ఛాట్స్‌వర్తును తెల్లవారి పేటలకు, ఆఫ్రికన్ల ఉమ్లాజీకి నడుమ అడ్డుగోడలాగా పెట్టారు. మనవాళ్ళకు ఆఫ్రికన్లకంటే కాస్త మేలైన ఇల్లు, కాస్త మేలైన బడి. కిందివాడికంటే ఒక మెట్టు పైన ఉన్నామన్న తృప్తి కూడా కొందరికి పట్టింది. దాచిపెట్టి లాభం లేదు. అయితే యూసుఫ్ దాదూ వంటి నాయకులు ఆఫ్రికన్లతో కలిసే పోరాడారు. 1984లో భారతీయులకు వేరే సభ ఇస్తామంటే ఎక్కువమంది ఓటుకే పోలేదు.

1991లో గ్రూప్ ఏరియాస్ చట్టం రద్దయింది. ఎక్కడైనా ఉండవచ్చు. ఉండడానికి పైసలు కావద్దా? బడి, బంధువులు, మసీదు, దుకాణం అన్నీ ఆ పాత గీత లోపలే ఉండిపోయాయి. 2021 జులైలో మాజీ అధ్యక్షుడు జుమా జైలుకు పోయిన తరువాత దోపిడీలు మొదలైతే, డర్బన్ పక్కన భారతీయుల పేట ఫీనిక్సులో జనం దారులకు అడ్డుకట్టలు వేసి కాపలా కూర్చున్నారు. సరుకు కోసం, పనికోసం ఆ దారిన వచ్చినవారిని కూడా ఆపారు, కొట్టారు, కాల్చారు. 36 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికన్లు. చట్టం పోయి 30 ఏళ్ళయినా, అడ్డుకట్టలు పడింది మాత్రం ఆ చట్టం గీసిన గీతమీదనే. ఇందులో తప్పు చేసినవారు మనవాళ్ళే అని రాయడానికి మాకు బాధగానే ఉంది, కాని రాయక తప్పదు.

మన ఊళ్ళో అటువంటి చట్టం ఏదీ లేదు. 1956లో నాందేడ్ జిల్లానుంచి ఆదిలాబాదుకు, 2016లో నిర్మల్ జిల్లాకు మారినాము. ఊరి నడుమ ఎవరూ గీత గీయలేదు. కాని 2008 అక్టోబరు అల్లర్ల తరువాత, మళ్ళీ 2020, 2021 గొడవల తరువాత, వాడకట్టు మారుదామన్న మాట రెండు వైపులా వింటూనే ఉన్నాము. వచ్చిన ధరకు ఇల్లు అమ్మి, మనవాళ్ళున్న గల్లీలో ఇరుకు జాగా కొనుక్కోవడం. కారణమడిగితే పిల్లలకోసం అంటారు. ఆ మాట కాదనలేము. కేటో మేనర్‌లో ఇల్లు ఖాళీ చేయించింది సర్కారు, ఇక్కడ సామాను లారీ మనమే మాట్లాడుకుంటున్నాము.

ఇల్లు అమ్ముదామనుకునే సభ్యులెవరైనా బయానా పుచ్చుకునే ముందు ఒక్కసారి సంఘం ఆఫీసుకు రావలసిందిగా కోరుతున్నాము. వీలైతే పక్కింటివారిని కూడా వెంట తీసుకురండి.