ఊహాచిత్రాల కూర్పు
వేర్వేరు ఫోటోల్లోని మనిషిని, నేపథ్యాన్ని, ఆకాశాన్ని కంప్యూటర్‌లో ఒకే చిత్రంగా అతికించే పని. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు లాంటి పట్టణాల్లో పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, కృష్ణుడి వేషంలో పసిపిల్లల ఫోటోలు దీనికి నెలవు. కాలం చేసిన తల్లిదండ్రులను పెళ్లి ఫోటోలో చేర్చమనేవారూ ఉంటారు. పద్ధతి పాతదే: 1857లో రేలాండర్ అనే ఫోటోగ్రాఫర్ ముప్పై దాకా నెగటివ్‌లతో ఒకే చిత్రం కూర్చాడు. సరిగ్గా వందేళ్లకు ‘మాయాబజార్’ సినిమాలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కంప్యూటర్ లేకుండానే మాయ చేసి చూపాడు. ఇక కంప్యూటర్‌లో ఈ పని చేసే ఫోటోషాప్‌లో లేయర్లు (ఒకదానిపై ఒకటి పేర్చే పొరలు) 1994లో వచ్చాయి. మనిషిని మాస్క్‌తో (అక్కర్లేని భాగాన్ని దాచే ముసుగుతో) వేరుచేసి, అడుగు లేయర్‌లో కొత్త నేపథ్యం పెడతారు. జుట్టు అంచుల దగ్గరే పనితనం తెలుస్తుంది. ముఖానికి వెలుగు ఎడమ నుంచి పడితే, అతికించిన సూర్యుడు కుడివైపు ఉండకూడదు. పాదాల కింద నీడ వేయకపోతే మనిషి గాల్లో తేలతాడు. ఫ్లెక్సీల్లో తరచూ కనిపించే లోపం ఇది.