మంట వేరు, ఎలర్జీ వేరు

మన దగ్గర చర్మానికి ఏమొచ్చినా ఒకటే మాట: ఎలర్జీ. మిరపకాయల తొడిమలు తీసిన చేతులు మండినా ఎలర్జీనే, పత్తికి మందు కొట్టొచ్చాక ఒళ్ళు దద్దురెక్కినా ఎలర్జీనే, సిమెంటు కలిపే తాపీమేస్త్రి చేతులు పగిలినా ఎలర్జీనే. వినుకొండ వైపు ఈ మూడు పనులూ ఉన్నాయి. ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఒక ఇంజక్షను పొడిచి ఒక స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పెడతారు. తగ్గుతుంది. మళ్ళీ పనికెళ్ళగానే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేయడం అన్నమాట.

నిజానికి మిరపకాయ మంట చాలావరకు ఎలర్జీ కాదు. అందులోని క్యాప్సైసిన్ మన నరాల చివర ఉండే వేడి గ్రాహకాన్నే నొక్కుతుంది. (ఆ గ్రాహకాన్ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్ కి 2021లో నోబెల్ వచ్చింది.) అది మీకైనా నాకైనా మండుతుంది. ఎలర్జీ అలా కాదు. పదిమంది అదే పని చేస్తే ఒక్కరికే వస్తుంది, అదీ ఏళ్ళ తరబడి ఏమీ కాకుండా ఉన్నాక, ముట్టుకున్న ఒకట్రెండు రోజులకి. అందుకే దేనివల్ల వచ్చిందో పేషెంటు చెప్పేది నమ్మడం కష్టం. నిన్న ముట్టుకున్నదాన్ని వదిలేసి ఇవాళ ముట్టుకున్నదాన్ని తిట్టుకుంటాడు.

మరి దోషిని పట్టుకోవడం ఎలా? బగ్ ని రీప్రొడ్యూస్ చేసి! ఈ ఆలోచన యోసెఫ్ యాడసాన్ అనే జర్మన్ డాక్టరుది. పాదరసం మందు పడక దద్దుర్లొచ్చిన రోగికి, బాగున్న చర్మం మీద అదే పాదరసం పెట్టి, అదే జబ్బు అంతమేరకే తెప్పించి చూపించాడు. అది 1895, గ్రాట్స్ లో జరిగిన డాక్టర్ల సభలో. అన్నట్టు మన జాషువా గారు వినుకొండలో పుట్టింది కూడా ఆ ఏడాదే.

తర్వాత 1930ల్లో కోపెన్‌హాగెన్ డాక్టరు పౌల్ బొన్నెవీ, ఎక్కువమందికి పడని పదార్థాలతో ఒక స్టాండర్డ్ లిస్టు తయారుచేశాడు. ఇప్పటికీ పద్ధతి అదే. ఒక్కో పదార్థాన్ని తగు మోతాదులో వాజలీన్ లో కలిపి, చిన్న చిన్న అల్యూమినియం గిన్నెల్లో పెట్టి, ప్లాస్టర్ తో వీపుకి అంటిస్తారు. 48 గంటలయ్యాక తీసి చూస్తారు. నాలుగో రోజు మళ్ళీ చూస్తారు, ఎందుకంటే మంట వల్ల వచ్చిన ఎరుపు ఈలోగా చల్లారుతుంది, ఎలర్జీ ఎరుపు మాత్రం ముదురుతుంది. మోతాదు చాలా ముఖ్యం. పురుగుమందుని డబ్బాలోంచి నేరుగా తెచ్చి పెడితే ఎవడి వీపైనా కాలుతుంది, దాంతో ఏమీ రుజువు కాదు.

దీనివల్ల ఒరిగిందేమిటంటే, సిమెంటు సంగతి చూడండి. తాపీపనివాళ్ళ గజ్జి సిమెంటు క్షారం వల్లేనని అనుకునేవాళ్ళు. 1950లో స్విట్జర్లాండ్ లో యేగర్, పెల్లోనీ ఇలాంటి మేస్త్రీల వీపుల మీద పొటాషియం డైక్రోమేట్ పెట్టి చూస్తే దాదాపు అందరికీ వచ్చింది. అసలు దోషి సిమెంటులో పిసరంత ఉండే క్రోమియం. డెన్మార్క్ 1981 నుంచి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలుపెట్టింది, అక్కడ ఈ జబ్బు బాగా తగ్గింది. 2005 నుంచి యూరప్ మొత్తానికీ పది లక్షల్లో 2 వంతులే పరిమితి. పనివాడు పని మానుకోలేదు, సిమెంటే మారింది.

పొలం కథ ఇలా జరగలేదు. మన గట్ల మీద, కాలవల పక్కన పెరిగే వయ్యారిభామ (ఎవరు పెట్టారో గానీ పేరు!) పుణెలో 1955లో కనబడిందని వృక్షశాస్త్రవేత్త ఆర్.ఎస్. రావు రాశారు. పీఎల్-480 గోధుమల్లో వచ్చిందని అందరం వింటాం గానీ, ఆ ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. అంతకుముందూ అమెరికా గోధుమలు వచ్చాయి కాబట్టి గోధుమల్ని వదిలేయనక్కర్లేదు, పీఎల్-480ని మాత్రం వదిలేయొచ్చు. ఈ మొక్క ఎండి పొడై గాలిలో ఎగిరి రెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో పడుతుంది. మనిషి మొహం నల్లబడి చర్మం మందమవుతుంది. ఎండ దెబ్బనో, పురుగుమందనో అనుకుంటారు. 1970ల్లో లోంకర్, మిచెల్, కాల్నన్ అనే డాక్టర్లు దీన్ని వైద్య పత్రికల్లో రాశాకే వయ్యారిభామ జబ్బని నలుగురికీ తెలిసింది. 1984లో దాన్ని తినే మెక్సికో పురుగుని బెంగుళూరు దగ్గర వదిలారు. అది వానాకాలంలో బాగానే తింటుంది, మొక్క మాత్రం పోలేదు. అందుకే ఇక్కడ పరీక్షలో దోషి తేలాక కూడా డాక్టరు చెప్పగలిగేది ఎక్కువగా 'పొలం వెళ్ళకు' అనే. కూలికెళ్ళే మనిషికి అది సలహా ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

1948 ఫ్యాక్టరీల చట్టం, రసాయనాల వల్ల, రంగుల వల్ల వచ్చే చర్మవ్యాధిని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. కానీ పొలం ఫ్యాక్టరీ కాదు. కాబట్టి వినుకొండ కూలీ తన దోషి పేరు తెలుసుకోవాలంటే తనే రైలెక్కి గుంటూరు లాంటి ఊరికి వెళ్ళాలి: అంటించడానికోసారి, తీయడానికోసారి, నాలుగో రోజు చూపించుకోవడానికి ఇంకోసారి. మూడు రోజుల కూలి పోతుంది. ఈ మధ్యలో వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు, స్టెరాయిడ్ మాత్రలు ముందే ఆపెయ్యాలి. మిరప కోతలేమో జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా సాగుతాయి.