లెవుకా: గిర్మిట్ కూలీల తొలి ఓడ ఆగిన ఫిజీ రేవు

పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దేశంలో, ఓవలావు అనే దీవి తూర్పు తీరాన ఉన్న చిన్న రేవు పట్టణం లెవుకా. 2007 జనాభా లెక్కల ప్రకారం శివార్లతో కలిపి ఇక్కడ ఉన్నది సుమారు 4,400 మందే. అయితే ఫిజీకి తొలి రాజధాని ఈ ఊరే. మన దేశం నుంచి కూలీలను తీసుకెళ్లిన మొదటి ఓడ ఆగింది కూడా ఇక్కడే.

రేవు ఎలా పుట్టింది?

గంధపు చెక్క, సముద్ర దోసకాయల వ్యాపారం కోసం వచ్చిన తెల్లవాళ్లు 1820ల నుంచి ఇక్కడ కాపురం పెట్టారు. తర్వాత తిమింగలాల వేట ఓడలు రావడం మొదలైంది. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం జరిగి పత్తి ధర పెరిగితే, తోటల కోసం ఇంకా జనం దిగారు. 1869లో 'ఫిజీ టైమ్స్' పత్రిక ఇక్కడే మొదలైంది. 1871లో థకొంబౌ రాజు ప్రభుత్వం లెవుకా నుంచి నడిచింది. 1874 అక్టోబరు 10న ఊరి పక్కనే ఉన్న నసోవాలో సంతకాలు జరిగి, ఫిజీ బ్రిటిషు వాళ్ల చేతికి పోయింది.

ఆ మరుసటి ఏడాదే తట్టు వ్యాధి వచ్చి సుమారు 40 వేల మంది స్థానికులు చనిపోయారు. గవర్నర్ ఆర్థర్ గోర్డన్ స్థానికులను తోట పనుల్లోకి దించకూడదని అనుకున్నాడు. అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లలో పనిచేసి వచ్చినోడు కాబట్టి, కూలీలను ఎక్కడి నుంచి తేవాలో ఆయనకు బాగా తెలుసు.

లియోనిడాస్ ఓడ

1879 మార్చిలో కలకత్తాలో బయలుదేరిన 'లియోనిడాస్' ఓడ మే 14న లెవుకా చేరింది. దారిలోనే మశూచి, కలరా సోకి కొందరు చనిపోయారు. అందుకే మిగిలినోళ్లను ఊళ్లోకి రానివ్వకుండా, దగ్గర్లోని యనుథా లైలై అనే చిన్న దీవిలో విడిగా ఉంచారు. చివరికి 463 మంది ఫిజీలో దిగారని లెక్క.

వాళ్లు వేలిముద్ర వేసిన 'అగ్రిమెంట్' అనే మాటే నోట్లో నలిగి 'గిర్మిట్' అయ్యింది. ఐదేళ్లు పని చేయాలి. రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు. మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. అది కూడా అప్పజెప్పిన పని పూర్తిచేస్తేనే. తిరుగు ప్రయాణం ఉచితంగా కావాలంటే పదేళ్లు ఆగాలి. చాలామంది తిరిగి రాలేదు. ఒకే ఓడలో వెళ్లినోళ్లు కులం, మతం పక్కనపెట్టి ఒకరినొకరు 'జహాజీ భాయ్' అని పిలుచుకున్నారు.

ఆ ఓడ లెవుకాకు చేరేనాటికి మన సీమ 1876-78 నాటి ధాత కరువు నుంచి ఇంకా తేరుకోలేదు. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మాత్రం 1903లో మొదలయ్యాయి. 1916 దాకా వెళ్లిన 60 వేల పైచిలుకు కూలీల్లో సుమారు 15 వేల మంది ఇలా దక్షిణాది నుంచి వెళ్లినోళ్లే. వాళ్లలో తమిళులు, మలయాళీలతో పాటు తెలుగోళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు లెవుకాలో దిగలేదు. అప్పటికే రాజధాని మారిపోయింది.

రాజధాని ఎందుకు పోయింది?

లెవుకాకు ముందు సముద్రం, వెనక నిటారుగా కొండ. ఊరు పెరగడానికి జాగా లేదు. అందుకే 1882లో రాజధానిని సువాకు మార్చారు. మన అనంతపురం బళ్లారి నుంచి విడిపోయి జిల్లా అయిన ఏడాది కూడా అదే. రాజధాని పోయాక లెవుకా పెరగలేదు, అందుకే పాత కట్టడాలు చాలావరకు అలాగే మిగిలాయి. 1964లో వచ్చిన చేపల కంపెనీ ఊరికి కొంత పని కల్పించింది. 2013లో యునెస్కో ఈ రేవు పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిజీలో ఆ గుర్తింపు పొందిన మొదటి చోటు ఇదే. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను దీన్ని బాగా దెబ్బతీసింది.

మిగిలింది ఏమిటి?

ఫిజీ తెలుగోళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. అయినా ఇళ్లలో తెలుగు తగ్గిపోయి ఫిజీ హిందీ నిలబడింది. 2023 నుంచి గిర్మిట్ దినానికి అక్కడ ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు.

భాష పోయినా కాగితం మాత్రం ఉంది. ప్రతి కూలీకి ఇచ్చిన ఎమిగ్రేషన్ పాసులో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాశారు. వాటి ప్రతులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మనవళ్లు, మునిమనవళ్లు వాటిని పట్టుకునే ఇక్కడి ఊళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. కొత్తచెరువు, కదిరి వైపు నుంచి గల్ఫ్‌కు కాగితం మీద సంతకం పెట్టి వెళ్లేవాళ్లు కూడా దాని నకలు ఒకటి ఇంట్లో ఉంచి వెళ్లడం మంచిది. మనిషి ఎక్కడున్నాడో, ఏ షరతు మీద వెళ్లాడో రేపు ఇంటివాళ్లకు చెప్పేది ఆ కాగితమే.