మా ఊరి నల్లరాయి
బేతంచెర్ల పేరు చెప్పినంతనే మేస్త్రీలకు స్ఫురించునది నున్నగా మెరుగుపెట్టిన నాపబండ. చరిత్రజ్ఞులకు స్ఫురించునది బిల్లసర్గపు గుహలు, 1884-85లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన కుమారునితో గూడి పురాతన జంతువుల యెముకలకై అచ్చట జరిపిన త్రవ్వకములు. ఆ బండకును ఆ గుహకును తల్లి సున్నపురాయియే. నీటియడుగున పొరపొరగా పేరుకొన్న రాయి. అగ్నిలో జన్మించిన శిలను మాత్రము మావారు తలచుట యరుదు. అది వారికి ఉత్త నల్లరాయి.

ఆ యొక్క పేరు క్రింద కడప శిలామండలమున రెండు శిలలు ఇమిడియున్నవి: ఒకటి బసాల్టు, రెండవది డోలరైటు. కడప, కర్నూలు శిలలపై 1872లో బృహద్గ్రంథమును ప్రకటించిన విలియం కింగు కూడ, నాటి వాడుక ననుసరించి, ఈ జాతి రాళ్ళను ‘ట్రాప్’ అనియే వ్యవహరించెను. రెంటి మూలమును ఒక్కటే. భూమి పైపెంకు దిగువనున్న మాంటిల్ పొర కొంతమేర కరుగగా పుట్టిన శిలాద్రవము అది. నూటికి 45 మొదలు 52 పాళ్ళవరకు సిలికా, ముఖ్యఖనిజములుగా ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ రెంటను గలవు. భేదమెల్ల చల్లారిన తావునందే యున్నది. వేంపల్లె సున్నపురాళ్ళ పైభాగమున పారిన లావా, గాలి సోకి త్వరత్వరగా గడ్డకట్టుటచే, దాని రేణువులు కంటికి ఆనవు. వాయువులు వెడలిన బుడగల గుంటలలో మాత్రము పిమ్మట వేరు ఖనిజములు చేరి నిండినవి. ఇది బసాల్టు. నేలపైకి రాజాలక, పొరల నడుమ జొచ్చి, మీదనున్న రాతిబరువునకు లోనై మెల్లమెల్లగా చల్లారినది డోలరైటు; దీని పలుచని బిళ్ళను సూక్ష్మదర్శినిలో నుంచి చూచినచో, సన్నని ఫెల్డ్‌స్పార్ కడ్డీలు పైరాక్సీన్ స్ఫటికములలో చిక్కుకొని చాప యల్లికవలె కానవచ్చును. ఇంకను లోతున, ఇంకను నెమ్మదిగా చల్లారియుండినచో, ఆ ద్రవమే గాబ్రో యయ్యెడిది. పులివెందుల చెంత పొరల నడుమ జొచ్చిన ఇట్టి శిల యొకదాని వయస్సును శాస్త్రజ్ఞులు సుమారు 188 కోట్ల యేండ్లుగా గణించిరి.

కావున, మావారు రెంటికి నొక్క పేరే పెట్టిరని వారి తెలివిని శంకింప నాకు మనసొప్పదు. వారు రంగును, బరువును, గట్టిదనమును చూచి పేరిడిరి, శాస్త్రము రేణువును చూచి విడదీసినది. రెంటను సత్యమున్నది.

అయినను నా మక్కువ డోలరైటుపైననే. అది తన వేడిని పొరుగురాతికి పంచినది. ఆ వేడికిని, రాతి నెఱ్ఱెలలో తిరుగాడిన వేడినీటికిని లోనై, మెగ్నీషియము గల వేంపల్లె డోలమైటు సిలికాతో గూడి, పులివెందుల ప్రాంతమున రాతినారగాను, మా వైపున మెత్తని బలపపురాయిగాను మారినది. మా ముద్దవరపు గనులలో దొరకునది ఈ బలపమే. గోటితో గీచిన గీటుపడు నీ రాయి, ఉలికి సైతము లొంగని ఆ నల్లరాతి చేరువనే పుట్టినదని నేను చాల యేండ్లకు గాని తెలిసికొనలేదు. అంతకు మున్నే దానితో పలకపై ఓనమాలు దిద్దితిని. అరిగి మిగిలిన తునకను, పెద్దలు కసరినను మానక, బడి గోడచాటున కొరుకుచుంటిని. ఆ చల్లని మట్టిరుచి నేటికిని నాలుకపై నున్నది.