రక్షణ పూతలు – వాటిని తొలగించిన చరిత్ర

కొన్ని మోటారు కార్ల బానెట్ ఎత్తి చూస్తే ఇంజను చుట్టూ ఉన్న రేకుల మీద, మరల తలల మీద తేనెరంగు మైనం వంటి పూత కనిపిస్తుంది. ఓడలలో సముద్రాలు దాటవలసిన యంత్రాలకు ఉప్పుగాలి తగిలి తుప్పు పట్టకుండా కర్మాగారంలోనే ఈ పూత వేస్తారు. కారు కొత్తగా ఉన్నంతకాలం దానిని ఎవరూ పట్టించుకోరు. ఏండ్లు గడిచిన కొద్దీ అది ఇంజను వేడికి ముదిరి, దుమ్మును పట్టుకొని, గోధుమరంగు పెచ్చుగా మారుతుంది. అప్పుడు దానిని తీయబోయిన మెకానిక్కుకు ఓపిక కావలసి వస్తుంది. సబ్బునీళ్ళకు అది లొంగదు. గోకితే అడుగునున్న రంగు కూడా లేచిపోతుంది. కిరసనాయిలుతో తుడిస్తే కరుగుతుంది గాని, అదే కిరసనాయిలు పక్కనున్న రబ్బరు గొట్టాలను ఉబ్బజేస్తుంది.

ఈ చిక్కు మోటారు కారుతో పుట్టినది కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్ల కర్మాగారం ఒకటి పనిచేస్తున్నది. అక్కడి నుంచి దక్షిణంగా ఇంచుమించు ఒక గంట ప్రయాణం చేస్తే లేపాక్షి వస్తుంది. ఆ ఊరి వీరభద్రాలయపు పైకప్పు మీద ఇదే ప్రశ్న మరింత సున్నితమైన రూపంలో ఎదురవుతుంది. పైన పేరుకున్న పొరను తీయాలి. కింద ఉన్నదానికి గోరంత హాని కూడా జరుగరాదు. కారు రేకుకు మళ్ళీ రంగు వేసుకోవచ్చు. అచ్యుతదేవరాయల కాలపు చిత్రకారుని చేత మళ్ళీ బొమ్మ వేయించలేము గదా!

ముందుగా మైనం సంగతి చూద్దాము. 1859లో అమెరికాలోని టైటస్‌విల్ వద్ద చమురు బావులు తవ్వినప్పుడు, పంపుల కడ్డీలకు జిగట మైనం ఒకటి అంటుకొని పనికి అడ్డు తగిలేది. పనివారు దానిని తిట్టుకుంటూ గోకిపారవేసేవారు. తెగిన వేళ్ళకూ కాలిన చర్మానికీ మాత్రం మందుగా రాసుకునేవారు. రాబర్టు చీస్‌బ్రో అనే యువకుడు దానిని శుద్ధిచేసి 1872లో పేటెంటు పొందాడు. అదే వాజలీను. ఫిలడెల్ఫియాలోని హౌటన్ కంపెనీవారు ఇటువంటి పదార్థాన్నే కాస్మోలీన్ అనే పేరుతో మొదట లేపనంగా అమ్మారు. తరువాత అది ఇనుమును కాపాడే పనికి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో తుపాకులకు దానిని దట్టంగా పట్టించి దూరదేశాలకు పంపేవారు. అందుకున్న సైనికులకు శత్రువుకన్నా ముందు ఆ జిడ్డుతోనే యుద్ధం చేయవలసి వచ్చేది.

ఎంత ముదిరినా మైనపు పూత మూలంలో మారదు. అందులోని తేలిక భాగాలు ఆవిరై పోతాయి, బరువైన భాగాలు మిగులుతాయి. అణువులు విడివిడిగానే ఉంటాయి కనుక వేడి తగిలితే మెత్తబడుతుంది, తనవంటి చమురులో కరుగుతుంది. ఏ జాతి పదార్థం ఆ జాతి ద్రావణిలో కరుగుతుందన్నది రసాయన శాస్త్రంలో మొదటి పాఠాలలో ఒకటి.

అవిసె నూనె అట్లా కాదు. అది ఆరటం అంటే నీరు ఆరినట్లు ఆరటం కాదు. గాలిలోని ఆక్సిజనును గ్రహించి, నూనె అణువులు ఒకదానితో ఒకటి చేతులు కలుపుకొని వలగా అల్లుకుంటాయి. ఆ వల ఏ చమురులోనూ మళ్ళీ నూనెగా కరగదు. లక్క ఈ రెండింటికీ నడుమ ఉన్నది. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే ఈ పదార్థం ఏటికొప్పాక బొమ్మల నిగనిగలో మనకు తెలిసినదే. వడ్రంగి దానిని స్పిరిటులో కరగించి బల్లలకు పాలిష్ పెడతాడు. కొత్త లక్కపూత స్పిరిటు తగలగానే కరుగుతుంది. ఏండ్లు గడిచితే దానిలోని ఆమ్ల భాగాలు ఆల్కహాలు భాగాలతో కలిసి ఎస్టరులుగా మారుతాయి. అప్పుడు స్పిరిటు కూడా దానిని పూర్తిగా కరగించలేదు.

పాఠశాలలో దీనిని పరీక్షించి చూడవచ్చు. మూడు గాజు పలకలు తీసుకొని ఒకదానిమీద వాజలీను, ఒకదానిమీద అవిసె నూనె, ఒకదానిమీద లక్క పాలిష్ పలుచగా పూసి, ఎండ తగిలే కిటికీలో కొన్ని వారాలు ఉంచాలి. తరువాత ఒక్కొక్కదానిని కిరసనాయిలుతోనూ స్పిరిటుతోనూ దూదితో రుద్ది చూడాలి. మంట దరిదాపుల లేకుండా, ఉపాధ్యాయుల సమక్షంలో చేయవలసిన పని ఇది.

ఇక లేపాక్షికి వద్దాము. 16వ శతాబ్ది పూర్వార్ధంలో, అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలుతున్న కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కూర్మశైలమనే గుట్టమీద ఈ ఆలయం కట్టించారు. మంటపాల పైకప్పులకు అమర్చిన రాతిపలకల మీద సున్నపు పూత పూసి, దానిమీద పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, వటపత్రశాయి, మనునీతి చోళుని కథ మొదలైనవి చిత్రించారు. కట్టించిన సోదరులు కూడా పరివారంతో ఆ చిత్రాలలో ఉన్నారు. రంగులు ఖరీదైనవి కావు. ఎరుపుకు జాజు, పసుపుకు మరొక మట్టి, తెలుపుకు సున్నం, నలుపుకు మసి. ఈ మట్టిరంగులకు ఎండా గాలీ ఒక లెక్క కాదు. జాజులోని ఇనుప ఆక్సైడు వేల ఏండ్లయినా మారదు. బలహీనమైనది రంగు కాదు, రంగును సున్నానికి పట్టి ఉంచే బంధం.

ఇక్కడ ఒక పూత ఎవరూ పూయకుండానే పడింది. దీపాల నూనె ఆవిరి, మసి, ధూపం పొగ, గబ్బిలాల రెట్ట, కరువు సీమ ఎర్ర దుమ్ము – అన్నీ కలిసి శతాబ్దాలపాటు పైకప్పును నల్లబరిచాయి. ఇక్కడ సాలుకు కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ పొడితనం ఒకందుకు మేలే. బూజు తక్కువ పడుతుంది. కాని కురిసిన కొద్దిపాటి వానే రాతిపలకల సందుల్లోంచి దిగి, దారిలో లవణాలను కరగించుకొని చిత్రాల వెనుకకు చేరుతుంది.

తుడిచివేస్తే పోలేదా అంటే, దేనితో తుడవాలి అన్నదే ప్రశ్న. గుడిస్తంభాల మీది పాత సున్నం పొరలను పలుచని ఆమ్లంతో తీయవచ్చు. నల్లరాయి ఆమ్లానికి చెక్కు చెదరదు. ఆ ఆమ్లమే పైకప్పుకు తగిలితే చిత్రానికి ఆధారమైన పూతే పొంగి పోతుంది, అది కూడా సున్నమే కాబట్టి. పాత సున్నాన్ని ఇసుక జల్లే యంత్రంతో రాలగొట్టే పద్ధతి ఒకటి మన దేవాలయాలలో కొంతకాలం సాగింది. అది సున్నంతోపాటు శిల్పపు చర్మాన్ని కూడా ఒలిచివేస్తుంది. ఆ పని చూచినవారెవరూ దానిని శుభ్రపరచటం అనరు.

కోరి పూసిన రక్షణ పూత ఎట్లా భారమైపోతుందో తెలిపే పెద్ద ఉదాహరణ అజంతా. అది ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా, అప్పట్లో హైదరాబాదు రాజ్యంలో ఉండేది. దాని మంచిచెడ్డలు హైదరాబాదు నగరం నుంచే నిర్ణయమయ్యేవి. బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ 1872 నుంచి 1885 వరకు శిష్యులతో అక్కడి చిత్రాలకు నకళ్ళు తీయించాడు. మసకబారిన రంగులు స్పష్టంగా కనిపించటానికి ఆ కాలంలో చిత్రాల మీదనే వార్నిష్ పూశారు. పూసిన నాడు బొమ్మలు మెరిశాయి. కొన్నాళ్ళకు ఆ వార్నిషే పసుపుబారి, పగిలి, రంగును పెచ్చులుగా లాగసాగింది.

1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని దానికి అధిపతిగా నియమించింది. ఆ శాఖ పిలుపుమీద లొరెంజో చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు ఇటలీ నిపుణులు 1920–22 మధ్య వచ్చి పనిచేశారు. ఊడిపోతున్న పెచ్చులను అతికించారు, అంచులను పూడ్చారు, రంగు నిలవటానికి లక్కను స్పిరిటులో కరగించి పట్టించారు. వారిని తప్పు పట్టటం తేలిక. ఆనాడు అతికించి ఉండకపోతే కొన్ని చిత్రాలు నేడు నేలమీద పొడిగా మిగిలేవి. యజ్దానీ తరువాత ప్రచురించిన అజంతా సంపుటాలలో చూపించటానికి కూడా కొన్ని ఉండేవి కావు. అయితే వారికి అందుబాటులో ఉన్న లక్క స్వభావం వారిచ్ఛను పాటించలేదు. దశాబ్దాలు గడిచేసరికి అది గోధుమరంగుకు తిరిగింది, మసిని పట్టుకున్నది, స్పిరిటుకు లొంగటం మానింది.

1953లో అజంతా భారత పురావస్తు శాఖ చేతికి వచ్చింది. ఆ శాఖలో 1917 నుంచే రసాయన విభాగం ఉన్నది. దాని శాస్త్రజ్ఞులు తరతరాలుగా ఆ లక్కను తీస్తూ వచ్చారు. ఒకే ద్రావణి చాలదు, మిశ్రమాలు కావాలి. కరగించే స్పిరిటుకు పగ్గం వేయటానికి టర్పెంటైన్ వంటిది తోడు పెట్టడం చిత్రశుద్ధి చేసేవారి పాత అలవాటు. దూదిని పుల్లకు చుట్టి, తడిపి, రుద్దకుండా దొర్లించాలి. దూదికి గోధుమరంగు అంటినంతకాలం పని సాగించవచ్చు. ఎరుపో ఆకుపచ్చో కనిపించిన క్షణాన చెయ్యి ఆగిపోవాలి. ఏ పూత ఎక్కడ ఉన్నదో తెలుసుకోవటానికి అతినీలలోహిత దీపం సాయపడుతుంది. ఆ వెలుగులో పాత లక్క నారింజరంగుగా ప్రకాశిస్తుంది. మామూలు కంటికి ఒకే మురికిగా తోచేది ఆ దీపం కింద రెండు మూడు తరాల పూతలుగా విడిపోతుంది.

లేపాక్షి చిత్రాలకు కొద్ది ఏండ్లు ముందుగా, 1508–1512 మధ్య, రోములో మైకెలాంజెలో సిస్టైన్ ప్రార్థనామందిరపు పైకప్పును చిత్రించాడు. అక్కడ కూడా దీపాల మసి చేరింది. తరువాతివారు రంగులు మెరవటానికి జంతువుల జిగురు పూశారు. 1980 నుంచి 1989 వరకు ఆ పొరలన్నిటినీ తొలగించారు. అమ్మోనియం బైకార్బొనేటు మొదలైన లవణాలను జిగట ముద్దగా చేసి, కొన్ని నిమిషాలు ఉంచి, నీటితో కడిగారు. వెలువడిన రంగులు చూసి లోకం ఆశ్చర్యపోయింది. చిత్రకారుడే పైన పెట్టిన నీడలు కూడా మసితోపాటు పోయాయని కొందరు విమర్శించారు. ఆ వాదం నేటికీ తీరలేదు. అక్కడ రంగు చాలామటుకు తడి సున్నంలోనే వేసినది. బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నం గట్టిపడినప్పుడు రంగు దానిలోనే చిక్కుకున్నది, కాబట్టి నీటికి ఓర్చుకున్నది. దక్షిణ దేశపు గోడచిత్రాలలో ఆరిన పూత మీద రంగు వేసే పద్ధతి విస్తారంగా కనిపిస్తుంది. అటువంటి రంగును ఆ విధంగా కడిగితే నీటితోపాటే దిగివస్తుంది. రోములో నెగ్గిన మందును మరొక గుడికి అట్లాగే తెచ్చి వాడరాదు.

లక్క చేదు అనుభవం తరువాత శాస్త్రజ్ఞులు కొత్త నియమం పెట్టుకున్నారు. పూత ఎంత గట్టిగా పట్టుకుంటుందని కాక, వందేండ్ల తరువాత ఎంత తేలికగా వదులుతుందని అడగసాగారు. 1950ల నుంచి మన దేశంలో గోడచిత్రాలకు పాలివినైల్ అసిటేటు వాడారు. అది రంగు మారదు, తరువాత కూడా టోలీనులో కరుగుతుంది. దానికీ ఒక లోపం ఉన్నది: ఇంచుమించు 30, 40 డిగ్రీల సెల్సియస్ మధ్యనే మెత్తబడుతుంది. వేసవిలో 40 దాటే అనంతపురం సీమలో అటువంటి పూత జిగురై దుమ్మును ఆహ్వానిస్తుంది. పిట్స్‌బర్గులో రాబర్టు ఫెల్లర్ మొదలైనవారు అనేక రెసిన్లను బలమైన వెలుతురుకు గురిచేసి, తొందరగా ముసలివాటిని చేసి, తరువాత కరుగుతాయో లేదో పరీక్షించారు. ఆ పరీక్షలలో నిలిచిన పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్ లోకమంతటా వాడుకలోకి వచ్చింది. అది అసిటోనులో కరుగుతుంది.

అయినా సున్నపు పూత గాజుపలక కాదు. దాని సన్నని రంధ్రాలలోకి దిగిన రెసిన్‌ను మొత్తంగా వెనుకకు తీయటం ఎవరి తరమూ కాదు. అంతకన్నా చెడ్డ సంగతి మరొకటి. పైన రంధ్రాలు మూసుకుపోతే, రాతి సందుల్లోంచి దిగిన తేమకు బయటికి దారి ఉండదు. అది పూత వెనుకనే ఆరి, లవణాలు స్ఫటికాలుగా పెరిగి, రంగును ముందుకు నెట్టివేస్తాయి. అందుచేత లేపాక్షి వంటి చోట చిత్రానికి మొదటి చికిత్స గుడి కప్పుమీద జరగాలి: పలకల సందులు మూయటం, వాననీరు నిలవకుండా వాలు సరిచేయటం. ఈ పని ఫొటోలలో కనిపించదు, దీనికి పేరూ రాదు.

సందులు మూసిన తరువాతనే దూది పుల్ల చేతికి తీసుకోవాలి. మొదట ముఖ్యమైన బొమ్మకు దూరంగా, ఏ మూలనో ఒక అంగుళం చదరం ఎంచుకొని, మెత్తని ద్రావణితో మొదలుపెట్టి ఒక్కొక్కటే పరీక్షించి, ఫలితం రాసుకుంటారు. పని అంతా పూర్తయిన తరువాత కూడా ఒక చిన్న నల్లని చదరాన్ని తుడవకుండా వదిలిపెట్టే ఆచారం ఉన్నది. చిత్రాన్ని చూడవచ్చినవారు అది పొరపాటున మిగిలిపోయిన మురికి అనుకుంటారు. రాబోయే కాలపు రసాయనజ్ఞుడు తన కొత్త ద్రావణిని పరీక్షించుకోవటానికి దానిని అట్టేపెడతారు.